చేతికి తెలియని సాక్ష్యం

"చిగురు" పనిచేస్తోందని అందరికన్నా ముందు ప్రకటించింది నేనూ కాదు, మా డైరెక్టరు పరాంకుశంగారూ కాదు. మా అత్తగారు సత్యవేదమ్మ. అదీ ల్యాబ్‌లో కాదు. కాకినాడలో మా మందిరంలో, ఆదివారం ఆరాధన మధ్యలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మైకు పుచ్చుకుని.

"పన్నెండేళ్ళుగా ఈ చేతులకి వేడీ చల్లా తెలీదండి. షుగరు తినేసింది. కూరలో ఉప్పు చిటికెడు పడిందో గుప్పెడు పడిందో కళ్ళతో చూసుకోవాలి. ఇప్పుడు మా కోడలు అంటించిన పొర ద్వారా ప్రభువు నాకు స్పర్శ తిరిగిచ్చేడు. మహిమంతా ఆయనకే!"

ఎడమ చెయ్యి పైకెత్తి చూపించారు. మందిరమంతా "స్తోత్రం" అంది. డోలక్ వాయించే కుర్రాళ్ళు నాలుగు దెబ్బలు ఎక్కువే వేశారు. ఆడవాళ్ళ వరసలో నా పక్కన కూర్చున్నావిడ నా భుజం మీద తట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. పొర అంటించి అప్పటికి రెండు వారాలే అయిందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. గుర్తు రావాల్సింది. స్పర్శ రావడానికి నెల పైనే పట్టొచ్చని లెక్క వేసినదాన్ని నేనే.

అత్తయ్య ముప్ఫై ఏళ్ళు బైబిలు స్త్రీగా పనిచేశారు. అంటే గుడ్డసంచీ భుజాన వేసుకుని ఊరూరూ నడిచి, గుమ్మాల్లో కూర్చుని వాక్యం చెప్పి, రోగుల పక్కన ప్రార్థన చేసే పని. ఆ పనంతా చేతులతోనే. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూడాలన్నా, బాలింత నడుముకి నూనె రాయాలన్నా, పోయేవాళ్ళ చెయ్యి పట్టుకోవాలన్నా ఆ చేతులే. ఒకసారి ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నారట. ఆయన పోయి పావుగంట అయిందని, చెయ్యి చల్లబడిపోయిందని ఇంటివాళ్ళు చెప్తేగాని ఆవిడకి తెలియలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. "పోయినవాడి చెయ్యో ఉన్నవాడి చెయ్యో తెలీనిదాన్ని, ఇంక నేనెందుకే" అన్నారు. నేను పదకొండేళ్ళు చిగురు వెంట పడటానికి ఆ మాటే కారణం.

మేం చిగురు అని పేరు పెట్టుకున్న ఈ పొర పెద్ద మాయేమీ కాదు. కాగిన పాల మీద మీగడలా పల్చగా ఉంటుంది. అందులో బతికున్న కణాలుంటాయి. అరచేతికి అంటించాక అవి చచ్చుబడ్డ నరం దారి పట్టుకుని సన్నటి దారాల్లా సాగుతాయి. వేలి కొసలకి చేరితే స్పర్శ వచ్చినట్టు. అంతదూరం సాగాలంటే వాటికి మేత కావాలి. మేత పోసేది మణికట్టుకి కట్టిన పట్టీ. మేత ముందే ఆగిపోతే దారాలు ఎండిపోతాయి. చేరాల్సిన చోటికి చేరాక కూడా పడుతూ ఉంటే ఒకదానికొకటి పెనవేసుకుని మంట పుడతాయి. మంటంటే అలాంటిలాంటిది కాదు. మా ఎలకలు రెండు తమ పాదాలు తామే కొరికేసుకున్నాయి. ఆ ఉదయం పంజరం తలుపు తీసింది నేను. ఆ తర్వాత రెండ్రోజులు ముద్ద దిగలేదు.

అందుకని మేత ఎప్పుడు ఆపాలో పేషెంటే చెప్పేలా ఏర్పాటు చేశాం. రోజూ పొద్దున్న ఏడింటికి పట్టీ తెలుగులో అడుగుతుంది: "స్పర్శ తెలుస్తోందా?" లేదు, కొద్దిగా, బాగా. మూడింట్లో ఒకటి నోటితో చెప్పాలి. వరసగా మూడు రోజులు "బాగా" అంటే మేత ఆగిపోతుంది. మేత ఆగిన పొర పన్నెండు రోజులు బతుకుతుంది. ఒకసారి చచ్చిందా, శరీరం దాన్ని తోసేస్తుంది, మరో పొరని ఆ చేతికి అంటనివ్వదు. ఒక చేతికి ఒకటే అవకాశం. ఆ ప్రశ్న రాసింది నేను. పట్టీలో వినపడే గొంతు కూడా నాదే. ముసలివాళ్ళకి తెలిసిన గొంతైతే భయపడరని నేనే పట్టుబట్టాను.

నలభై మంది పేషెంట్లు. అందులో పందొమ్మిది మంది మా మందిరం సంఘంవాళ్ళు. ఇల్లిల్లూ తిరిగి వాళ్ళని ఒప్పించింది అత్తయ్య.

మా ల్యాబ్‌లో దసరాకి యంత్రాలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొడతారు. కొట్టేది పరాంకుశంగారే. నాలుగు ముక్కలు నాకూ పెడతారు, నేనూ తింటాను. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ "దేవుణ్ణి నమ్ముతూ సైన్సెలా చేస్తారండీ" అని అడగలేదు. నన్ను మాత్రం ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి మొన్నటి పత్రికవాళ్ళ దాకా అందరూ అడిగారు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ల్యాబ్‌లో ఎలా అని అడుగుతాను, మందిరంలో ఎందుకు అని అడుగుతాను. రెండింటికీ ఏనాడూ పేచీ రాలేదు." అది నాకు భలే నచ్చిన జవాబు. ఒకటి రెండు సభల్లో చప్పట్లు కూడా పడ్డాయి.

అత్తయ్య సాక్ష్యం తర్వాత వారం తిరిగేలోగా మావాళ్ళందరి పట్టీల్లోనూ "బాగా" మోగింది. మిగతా ఇరవై ఒక్కమంది మాత్రం "లేదు" దగ్గరే ఉన్నారు, మహా అయితే "కొద్దిగా". ఎలకలకే నెల పట్టింది. సోమవారం సమావేశంలో పరాంకుశంగారు ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"మీవాళ్ళకి ప్రార్థన కలిసొచ్చినట్టుందే! మావాళ్ళని కూడా ఓ ఆదివారం లాక్కుపో కెజియా, పుణ్యముంటుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల ఒక మాట అనుకున్నాను: ఏమో, నిజమేనేమో. అవే అంకెలు ఇంకో ఊరి ఆసుపత్రి నుంచి వచ్చి ఉంటే అరగంటలో ఫోన్ చేసి దులిపేసేదాన్ని. మా సంఘం కాబట్టి స్తోత్రం అనుకుని ఊరుకున్నాను. ఇది నా తప్పు. దీనికి వేరే పేరు పెట్టి తప్పించుకోను.

కళ్ళు మూయించి దారంతో ముట్టుకుని చూసే పరీక్ష ఎనిమిదో వారానికిగాని లేదు. కానీ ఇలాంటి ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ ఢిల్లీ నుంచి అయిదో వారం గురువారమే వస్తోంది. వాళ్ళు సరేనంటే చిగురు పన్నెండు ఆసుపత్రుల్లో ఆరువందల మందికి అందుతుంది.

దానికి ముందు శనివారం మధ్యాహ్నం. మా ఆయన ప్రభుదాస్ పోర్టులో డ్యూటీకి వెళ్ళారు. మర్నాడు మందిరంలో ప్రేమవిందు, ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే భోజనం. పులిహోర పోపు అత్తయ్యది. నేను ముందుగదిలో కమిటీ కోసం కాగితాలు సర్దుకుంటున్నాను. మాడు వాసన వచ్చింది.

"అత్తయ్యా, పోపు మాడుతోంది."

"మాడలేదమ్మా, ఇప్పుడే ఆవాలు చిటపటమన్నాయి."

వాసన ఇంకా ఎక్కువైంది. లేచి వెళ్ళాను. అత్తయ్య కుడిచేత్తో అట్లకాడ తిప్పుతున్నారు. ఎడంచేత్తో ఇనప మూకుడు చెవి పట్టుకున్నారు. మసిగుడ్డ గట్టు మీదే ఉంది. ఆవిడ పాడుకుంటున్నారు. వేళ్ళ దగ్గర్నుంచి సన్నగా పొగ లేస్తోంది.

నేను అరిచిన అరుపుకి మూకుడు వదిలేశారు. చెయ్యి లాగి నీళ్ళ కింద పెట్టాను. మూడు వేళ్ళ కొసలు తెల్లగా ఉడికిపోయి ఉన్నాయి. ఆవిడ మొహంలో నొప్పి లేదు. దొంగతనం దొరికిపోయినవాళ్ళ మొహంలా ఉంది.

"అత్తయ్యా, మీకు తెలియట్లేదు."

"తెలుస్తుందమ్మా."

"ఎప్పుడు?"

"తెలుస్తుంది. తెలుస్తుందనే చెప్పేను."

"రోజూ పొద్దున్నే 'బాగా' అని చెప్పారు కదా!"

"విశ్వాసంతో చెప్పేను" అన్నారు, నీళ్ళలో చెయ్యి చూసుకుంటూ.

బయటివాళ్ళకైతే ఆ మాట అర్థమయ్యేది కాదు. నాకు వెంటనే అర్థమైంది. మా సంఘంలో ప్రార్థన అయ్యాక "ఇంకా తగ్గలేదు" అనరు. అనకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు, పాస్టరు అయ్యగారు ఎన్నడూ చెప్పలేదు. అయినా అనరు. జ్వరంతో వణుకుతున్నవాణ్ణి పలకరిస్తే "స్వస్థత పొందేనండి, స్తోత్రం" అంటాడు. ఇంకా రానిదాన్ని వచ్చిందని ముందే నోటితో చెప్పడమే నమ్మకం అని మా లెక్క. పదో తరగతి ఫలితాలు రాకముందే పాసయ్యానని మైకులో చెప్పినదాన్ని నేను. అలాంటి మనుషుల్ని, పొద్దున ప్రార్థన ముగించి లేచే వేళకి, కోడలు గొంతుతో అడిగించాను: స్పర్శ తెలుస్తోందా? లేదని ఎలా అంటారు?

"మిగతావాళ్ళు కూడా ఇలాగేనా?" అని అడిగాను.

"నేను చెప్పేక వాళ్ళూ చెప్పేరు. నీ ప్రయోగం గెలవాలని మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం కదే. అందరం కలిసి నిన్ను ఓడించుకుంటామా?"

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. వేళ్ళకి మందు రాసి గుడ్డ చుట్టి, కాగితం తీసి లెక్క వేశాను. మిగతా పద్ధెనిమిది మంది పొరలకి మేత ఆగి ఎనిమిది నుంచి పది రోజులైంది. సోమవారం నుంచి ఒక్కొక్కటే చచ్చిపోతాయి, గురువారానికి ఒక్కటీ మిగలదు. అత్తయ్యది అందరికన్నా ముందు ఆగింది. ఆగి పదహారు రోజులు. పన్నెండు రోజులన్నది ఎలకల లెక్క, మనిషికి నాలుగు రోజులు ఎక్కువ పట్టొచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మకంగా మాత్రం చెప్పుకోలేకపోయాను.

సాయంత్రం పరాంకుశంగారి ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని గురువారం చూపించాల్సిన బొమ్మలు సరిచూసుకుంటున్నారు. అంతా విని ఆ బొమ్మలు పక్కన పెట్టారు.

"అందరికీ మేత మళ్ళీ వదిలేద్దామా?" అన్నారు.

"కొందరికి నిజంగానే వచ్చి ఉండొచ్చు సార్. జబ్బు ముదరనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకి వదిలితే మంట పుడుతుంది. ఎలకల్ని చూశారుగా. ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో ముందు తేలాలి. రేపే దారం పరీక్ష చెయ్యాలి."

"ఎనిమిదో వారం పరీక్ష అయిదో వారంలో ఎందుకు చేశారని కమిటీ అడుగుతుంది. అడిగితే మన ప్రశ్నే తప్పని చెప్పాలి. గురువారం గడవనీ. తర్వాత ప్రశ్న మారుద్దాం, ఎవరి పరువూ పోదు."

"గురువారం గడిచేసరికి పొరలన్నీ చచ్చిపోతాయి సార్."

"పందొమ్మిది చేతులు, కెజియా. అటువైపు ఆరువందల మంది ఉన్నారు. ఏళ్ళ తరబడి ఆగినవాళ్ళు. ఇది ఆగిపోతే మళ్ళీ ఎప్పుడు కదులుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆయన మాటలో అబద్ధం లేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. మేత మళ్ళీ వదలాలంటే నా రహస్య సంఖ్యా ఆయన రహస్య సంఖ్యా రెండూ కావాలి. ఆయన ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. నేను లేచి వచ్చేశాను.

ఆదివారం ఆరాధనకి ముందే దయానందం అయ్యగారిని కలిశాను. ఆయన పెద్దగా అరిచే బోధకుడు కాదు, నెమ్మదస్థుడు. అత్తయ్య సాక్ష్యం ఫోన్లలో ఊళ్ళన్నీ తిరిగింది, విని ఇరవై కుటుంబాలు కొత్తగా వస్తున్నాయి. జరిగింది చెప్పి, అందరికీ పరీక్ష చెయ్యాలని మైకు అడిగేసరికి ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"అమ్మా కెజియా, అందరి ముందూ వద్దమ్మా. వీళ్ళ విశ్వాసం ఏమైపోతుంది?"

"వీళ్ళ చేతులు ఏమైపోతాయండి అయ్యగారూ?"

"ఇంటింటికీ వెళ్ళి అడగరాదా?"

"ఇంటికెళ్తే పక్కింటివాళ్ళేమంటారో అని మళ్ళీ 'బాగా' అంటారండి. అందరి ముందూ చెప్పినమాట అందరి ముందే తీసుకోవాలి. ఇంకొకళ్ళు 'లేదు' అంటే వినాలి వాళ్ళు."

ఆయన టీ గ్లాసు కిందపెట్టారు. "మైకు ఇస్తాను. ఏం చెప్పాలో నేను చెప్పను, ఏం చెప్పకూడదో కూడా చెప్పను" అన్నారు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపైంది.

సాక్ష్యాల సమయంలో లేచి వెళ్ళాను. శాస్త్రవేత్తల ముందు ఎన్నిసార్లు మాట్లాడినా ఇంత భయపడలేదు.

"నా ప్రయోగం ఫలించిందని మీరు చాలామంది సాక్ష్యమిచ్చారు. నాకు తెలిసినంతవరకూ అది ఇంకా ఫలించలేదు. మీ చేతుల మీది పొరలు ఆకలితో చచ్చిపోతున్నాయి. మీరు వరసగా మూడు రోజులు 'బాగా' అనేసరికి వాటికి మేత ఆగిపోయింది. తప్పు మీది కాదు. మీరెలా మాట్లాడతారో పుట్టిన దగ్గర్నుంచీ వింటూ కూడా, నేను ఆ ప్రశ్న అలా రాశాను. ఆదివారం కెజియా వేరు, సోమవారం కెజియా వేరు అనుకున్నాను. ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఇలా జరిగేది కాదు. ఇవాళ ఒక్కొక్కళ్ళూ వచ్చి కళ్ళు మూసుకోండి. దారంతో ముట్టుకుంటాను. తెలిస్తే తెలిసిందనండి, తెలియకపోతే లేదనండి."

ఎవరూ కదల్లేదు. సంఘ పెద్ద బెంజిమెన్‌గారు లేచారు.

"ఇది దేవుణ్ణి పరీక్షించడమమ్మా! చదువుకున్నావని మందిరంలోకి సందేహం తెస్తావా?"

"దేవుణ్ణి కాదండి, నా పొరని పరీక్షిస్తున్నాను. అది నేను చేసింది. తప్పులుంటాయి."

ఆయన కూర్చోలేదు. వెనక వరసల్లో గొణుగుడు మొదలైంది. ఇద్దరు లేచి బయటికి నడిచారు. ఇంక అయిపోయింది, ఎవరూ రారు, గురువారం వచ్చేస్తుంది అనుకున్నాను. అప్పుడు ఆడవాళ్ళ వరస నుంచి అత్తయ్య లేచారు.

నెమ్మదిగా నడిచి వచ్చారు. గుడ్డ చుట్టిన వేళ్ళు కొంగు కింద దాచుకున్నారు. నా ముందుకొచ్చి కొంగు తీసేసి, కాలిన చెయ్యి అందరికీ కనపడేలా చాపారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. నేను అరచేతి మధ్య దారంతో ముట్టుకున్నాను. ఏమీ అనలేదు. బొటనవేలి కింద ముట్టుకున్నాను. ఏమీ అనలేదు.

"అత్తయ్యా, తెలిసిందా?"

ఆవిడ కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపారు.

"లేదు."

మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాట మందిరమంతా వినపడింది. ఆవిడ కళ్ళు తెరిచి బెంజిమెన్‌గారి వైపు తిరిగారు.

"బెంజిమెన్ తమ్ముడూ, నేను విశ్వాసంతో చెప్పేననుకున్నాను. నిన్న రాత్రంతా ఆలోచించేను. విశ్వాసం ఉన్నదాన్నైతే కళ్ళు మూసుకోడానికి భయపడతానా? నాకు భయమేసింది. దేవుడు చెయ్యకపోతే ఆయన పరువు పోతుందేమోనని నేను అబద్ధం అడ్డుపెట్టేను. ఆయనకి నా అబద్ధం సాయం కావాలా, చెప్పు?"

బెంజిమెన్‌గారు కూర్చున్నారు.

తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చారు. బయటికి వెళ్ళిన ఇద్దర్నీ అయ్యగారు తనే వెళ్ళి పిలుచుకొచ్చారు. కొందరు "లేదు" అంటూ ఏడ్చారు. ఒకావిడ నన్ను క్షమించమంది, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. టైలరు ఏలీషా కళ్ళు మూసుకుని, "తెలిసిందండి, చూపుడువేలు. ఇప్పుడు చిటికెనవేలు. అక్కా, నిజంగా తెలుస్తోందక్కా" అన్నాడు. మూడుసార్లు ముట్టుకోకుండా ఊరికే అడిగి చూశాను. మూడుసార్లూ లేదన్నాడు. పందొమ్మిది మందిలో అయిదుగురికి స్పర్శ వచ్చింది. పధ్నాలుగు మందికి రాలేదు. ప్రేమవిందు పులిహోర ఆ రోజు సగానికి సగం మిగిలిపోయింది.

ఆ కాగితం తిన్నగా పరాంకుశంగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. తిడతారనే వెళ్ళాను, తిట్టారు కూడా. తలుపు తియ్యగానే నా చేతిలో కాగితం చూసి అర్థం చేసుకున్నారు.

"గురువారం దాకా ఆగలేకపోయావా? పదకొండేళ్ళ పని!"

"నాకూ పదకొండేళ్ళే సార్."

కాగితం మొత్తం చదివారు. పేర్లు, వేళ్ళు, ఎవరెక్కడ ఏమన్నారో అంతా. అత్తయ్య పేరు దగ్గర ఆగారు. తర్వాత లోపలికెళ్ళి కంప్యూటర్ తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు.

"రాసేశావు కదా. ఇంకొకళ్ళు రాసిన కొలత చెరిపే అలవాటు నాకు లేదు" అని తన సంఖ్య కొట్టారు, నా సంఖ్య నేను కొట్టాను. పధ్నాలుగు పట్టీల్లో మేత మళ్ళీ మొదలైంది.

గురువారం కమిటీ మా మాట విని ముఖాలు చూసుకుంది. విస్తరణ ఆపేశారు. పొరపాటుపై విచారణ వేశారు. నన్ను ప్రయోగం బాధ్యత నుంచి తప్పించారు. అందులో ఒకాయన నా ఫైలు తిరగేసి, "మతం, పరిశోధన కలిస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. నా దగ్గరున్న ఆ పాత జవాబు నోటిదాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలేదు. పేచీ రాలేదని అన్నాళ్ళు గొప్పలు పోయాను. కలిస్తే కదా పేచీ వచ్చేది? నేను రెండింటినీ చెరో గదిలో పెట్టి మధ్య తలుపు గడియ వేశాను. అయితే ఆయన మాటా నాకు ఒప్పుదల కాలేదు. ఆ పద్ధెనిమిది మందిచేత నిజం చెప్పించింది నా పరీక్షా కాదు, నా చదువూ కాదు. కాలిన చెయ్యి చాపి "లేదు" అన్న ఒక బైబిలు స్త్రీ. అది కమిటీకి ఏ పట్టికలో చూపించను?

మందిరంలో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. కొత్తగా వచ్చిన ఇరవై కుటుంబాల్లో సగం రావడం మానేశాయి. ఆరువందల మందిలో ఎవరో ఒకరు ఎక్కడో ఒక మూకుడు పట్టుకుంటున్నారని తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఎనిమిదో వారం పరీక్షలు మొదలయ్యాయి. అత్తయ్య కాక మేత మళ్ళీ అందిన పదముగ్గురిలో పదకొండు మందికి స్పర్శ వచ్చింది. అత్తయ్య వంతు ఆఖర్న. దారం పట్టుకున్నది పరాంకుశంగారు. నన్ను రాయడానికి కూర్చోబెట్టారు. అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

ఒకటి. రెండు. మూడు. ఆవిడ ఏమీ అనలేదు. నేను రాస్తూ పోయాను. పదమూడోసారి దగ్గర ఆవిడ కనుబొమలు కదిలాయి.

"ఇప్పుడు... ఏదో అనిపించింది. ముట్టుకున్నారా అండీ?"

పరాంకుశంగారి చెయ్యి గాల్లోనే ఉంది. దారం ఆవిడ చేతికి జానెడు దూరంలో ఉంది. ఆయన నావైపు చూశారు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"లేదమ్మా. ముట్టుకోలేదు."

"అయితే రాయకండి" అన్నారు అత్తయ్య.

ఇరవైసార్లూ అయ్యాక కళ్ళు తెరిచారు. "ఏం రాశావు?" అని అడిగారు నన్ను.

"సున్నా అని రాశాను అత్తయ్యా."

"ఉన్నదే రాశావు కదా?"

"ఉన్నదే రాశాను."

తల ఊపారు. ఎడమచేతిని కుడిచేత్తో తీసుకుని, నిద్రపోతున్న పసిపిల్లని ఒళ్ళోకి మార్చినట్టు ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు ఆగలేదు. కాగితం మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చాను. ఈ చెయ్యి బాగుచెయ్యాలనే పదకొండేళ్ళు పనిచేశాను. సంఘంలో పదహారు చేతులు బాగుపడ్డాయి, ఇది బాగుపడలేదు.

అత్తయ్య నన్ను ఏడవనిచ్చారు. తర్వాత కుడిచెయ్యి బల్లమీద పెట్టారు.

"దీనికెప్పుడు అంటిస్తావు?"

"తెలీదు అత్తయ్యా. విచారణ జరుగుతోంది. మళ్ళీ మొదలెట్టనిస్తారో లేదో తెలీదు. మొదలెట్టినా మీకు పనిచేస్తుందో లేదో అదీ తెలీదు."

"సరే, తెలీదనే చెప్పు" అన్నారావిడ. "తెలీదని చెప్పే ప్రార్థన చెయ్యి. ఇన్నాళ్ళూ మనం ఆయనకి జవాబు ముందే చెప్పేసి, ఆ తర్వాత అడిగేం."

పరాంకుశంగారు దారం బల్లమీద పెట్టి లేవబోయారు. అత్తయ్య "కూర్చోండి బాబూ, మీకు అడ్డమేం లేదు" అన్నారు. ఆయన మళ్ళీ కూర్చున్నారు. నేను తెల్లకోటుతోనే, ఆ ఎలకల వాసనలో, అత్తయ్య కుడిచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆవిడకి నా పట్టు తెలియదని తెలిసీ గట్టిగానే పట్టుకున్నాను. ఆ ల్యాబ్‌లో నేను పైకి ప్రార్థన చెయ్యడం అదే మొదటిసారి.

"ప్రభువా, నాకు తెలీదు" అని మొదలుపెట్టాను.